చెకింగ్ ఎవరు?

మొన్న మంగళవారం మా టీమ్‌లో అమ్మాయి ఒకతి మధ్యాహ్నం భోజనాల దగ్గర డబ్బా మూత తీస్తూ తీస్తూ, "అన్నా, నాకు జేఆర్ఎఫ్ వచ్చింది. రిజైన్ చేసి వెళ్ళొచ్చంటారా?" అని అడిగేసింది. పెరుగన్నంలో చెయ్యి పెట్టినవాణ్ణి పెట్టినట్టే ఆగిపోయా. ఆ అమ్మాయికి ఇరవై తొమ్మిదేళ్ళు. యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్‌కి ఇప్పుడు వయసు పరిమితి 30, ఆడవాళ్ళకి ఇంకో అయిదేళ్ళ సడలింపు. టీమ్‌లో ఆ దారిన వెళ్ళొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్ను అడిగింది. నేనేమో "చూద్దాం, సాయంత్రం మాట్లాడదాం" అని తప్పించుకున్నా. సాయంత్రం ఏదో ప్రొడక్షన్ ఇష్యూ వచ్చి నిజంగానే తప్పిపోయింది. అసలు నేనేం చెప్పాలనుకుంటున్నానో ఇక్కడ రాసుకుంటే తప్ప నాకే తేలదనిపించింది.

నేను ఎంసీఏ చేసి 2010లో ఉద్యోగంలో చేరా. నాలుగేళ్ళు ఒక బీమా కంపెనీ వాళ్ళ క్లెయిములు ప్రాసెస్ చేసే సాఫ్ట్‌వేర్‌కి మెయింటెనెన్స్. టికెట్ రావడం, మూసెయ్యడం, ఇంకోటి రావడం. తెలుగు మీద ఇష్టం ఉంది, కంప్యూటర్‌కి తెలుగు నేర్పే పని ఒకటి ఉందని తెలుసు. 2014 డిసెంబర్ 28, ఆదివారం, నెట్ రాశా. అప్పట్లో ఒకే రోజు మూడు పేపర్లు. వయసు పరిమితి అప్పుడు 28, నాకు 27 నడుస్తోంది. అంటే ఆఖరి బస్సు. ఎక్కేశా.

చేతికి 50 వేల పైన వచ్చేది, 25 వేలయింది. ఆ 25 కూడా 2014 డిసెంబర్ నుంచే, అంతకు ముందు 16 వేలట. సీనియర్లు "నువ్వు అదృష్టవంతుడివి" అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. 2019 జనవరి నుంచి 31 వేలు చేశారు, 2023 జనవరి నుంచి 37 వేలు. రెండేళ్ళయ్యాక ఎస్ఆర్ఎఫ్ అయితే ఇప్పుడు 42 వేలు. పెంచిన ప్రతిసారీ ముందు ఎవరో ఒకరు ప్లకార్డులు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాకే పెంచారనుకోండి, అది వేరే కథ.

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. తెనాలిలో ఉంటారు. ఉద్యోగం మానేస్తున్నానని చెప్పడానికి వెళ్ళినప్పుడు అమ్మ జీతం గురించి అడిగింది, అత్తయ్య పెళ్ళి గురించి అడిగింది. (ఆ తర్వాత రెండేళ్ళు మధ్యవర్తి ప్రతి ఫోనులోనూ ఒకటే సంభాషణ. "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" "చదువుకుంటున్నాడు." "ఇంకానా?!") నాన్న మాత్రం అన్నీ విని, "మరి మీ పైన చెకింగ్ ఎవరుంటారు రా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయన లోకంలో ఉద్యోగం అంటే రెండే విషయాలు, డ్యూటీ ఒకటి, ఎక్కడో దారి మధ్యలో బస్సు ఆపి ఎక్కే చెకింగ్ వాళ్ళు ఒకటి. ప్రతి స్టేజీకీ టికెట్ల లెక్క రాసి ఉండాలి, సంచీలో డబ్బు దానికి సరిపోవాలి. "గైడ్ ఉంటారు నాన్నా, ఆవిడ చూస్తారు" అన్నా. "ఆవిడ రోజూ చూస్తారా?" అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు, నా బ్యాగ్ సర్దుకుంటున్నట్టు నటించా.

2015 జులైలో చేరా. మొదటి రోజు గైడ్ మేడమ్ నలభై దాకా పేపర్లున్న ఒక ఫోల్డర్ ఇచ్చి "చదువు" అన్నారు. "ఎప్పటిలోగా మేడమ్?" అని అడిగా. ఆవిడ నన్ను కొంచెం జాలిగా చూసి "చదువు" అన్నారు మళ్ళీ.

ఇది మీకు చిన్న విషయంలా అనిపించొచ్చు. నాలుగేళ్ళు ఉదయం పదింటికి స్టేటస్ చెప్పి, సాయంత్రం టైమ్‌షీట్ నింపి బతికినవాడికి ఇది చిన్న విషయం కాదండీ. ఉదయం పదకొండు గంటలకి క్యాంటీన్‌లో టీ తాగుతుంటే ఎవరో వెనక నుంచి చూస్తున్నట్టు ఉండేది. మొదటి నెల నాకు నేనే ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకుని గంటలు రాసుకున్నా. 'పేపర్ చదివాను, 3 గం.' 'అర్థం కాలేదు, 2 గం.' రెండో రకం గంటలు ఎక్కువైపోతుండటంతో ఆ షీట్ మూసేశా.

పక్కన ఎమ్మెస్సీ నుంచి వచ్చిన కుర్రాళ్ళు ప్రాబబిలిటీ గురించి క్రికెట్ స్కోరు చెప్పుకున్నట్టు మాట్లాడుకునేవాళ్ళు. నాకు అవేమీ రావు. నాకొచ్చిందల్లా కోడ్ రాయడం. అందుకని నాకు తెలిసిన పనిలోకి వీలైనంత త్వరగా దూరిపోయా. ఇది చాలామంది మనవాళ్ళు చేసే పనే. అర్థం కానప్పుడు కోడ్ రాసేస్తే పని జరుగుతున్నట్టు ఉంటుంది.

నాకిచ్చిన సమస్య ఏమిటంటే, తెలుగు వాక్యం ఇస్తే అందులో మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, సంస్థల పేర్లు ఏవో కంప్యూటర్ గుర్తుపట్టాలి. ఇంగ్లీషులో అయితే పేరు పెద్ద అక్షరంతో మొదలవుతుంది, సగం పని అక్కడే అయిపోతుంది. మనకి ఆ సౌకర్యం లేదు. 'లక్ష్మి' పేరూ కావచ్చు, దేవతా కావచ్చు, ఇంట్లో డబ్బూ కావచ్చు. పైగా గుంటూరు, గుంటూరుకు, గుంటూరులోని, గుంటూరువాళ్ళు.. అన్నీ ఒకే ఊరు, కంప్యూటర్‌కి మాత్రం నాలుగు మాటలు. 2008లో హైదరాబాద్‌లో జరిగిన ఐజేసీఎన్ఎల్‌పీ సదస్సులో హిందీ, బెంగాలీ, ఒరియా, తెలుగు, ఉర్దూలకి కలిపి ఇదే సమస్య మీద ఒక పోటీ పెట్టారు. ఆ పేపర్లన్నీ మేడమ్ ఇచ్చిన ఫోల్డర్‌లో ఉన్నాయి. అవి చదివితే తెలిసేదొకటే, మన భాషలకి ఇది అంత తేలిగ్గా లొంగే పని కాదు.

నేను నాలుగు వార్తా సైట్ల నుంచి వాక్యాలు దించుకున్నా. ఒకే వాక్యం రెండుసార్లు వస్తే తీసేసే స్క్రిప్ట్ రాశా. చివరికి 6 వేల పైచిలుకు వాక్యాలు మిగిలాయి. ఏది పేరో ఏది ఊరో ఒక్కొక్క మాటకీ చేత్తో గుర్తు పెట్టడం మొదలుపెట్టా. నాలుగు నెలలు పట్టింది. దసరాకి ఇంటికి వెళ్ళినప్పుడు కూడా ల్యాప్‌టాప్ ముందేసుకుని అదే పని. అమ్మ చూసి "ఇదేనా రీసెర్చంటే?" అంది. నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం ఉండేది.

ఈలోగా ఫెలోషిప్ రాలేదు. ఆగస్ట్‌లో వస్తుందన్నారు, తర్వాత దసరా అన్నారు, సంక్రాంతి అన్నారు. జాయినింగ్ రిపోర్ట్ ఒక సెక్షన్‌లో ఉందని, అక్కడికి వెళితే పంపేశామని, పంపినచోటికి వెళితే ఏదో ఒక కాలమ్ ఖాళీగా ఉందని. దాచుకున్నది నవంబర్‌తో అయిపోయింది. తర్వాత పాత రూమ్మేట్ దగ్గర నెలకి ఇంత అని తీసుకున్నా. నాన్నకి నెలనెలా పంపే పది వేలు ఆగిపోయాయి. ఆయన అడగలేదు. అడక్కపోవడం ఇంకా ఇబ్బందిగా ఉండేది. మనవాళ్ళెవరైనా "జీతం సగమైనా సర్దుకోవచ్చు" అని లెక్క వేసుకుంటుంటే నేను చెప్పేది ఒకటే, సగం సమస్య కాదు. సున్నా సమస్య. ఆ సున్నా ఎన్ని నెలలుంటుందో ఎవరూ చెప్పలేకపోవడం సమస్య.

డిసెంబర్ చివర్లో నా మోడల్ మొదటిసారి పూర్తిగా నడిచింది. వాక్యాల్లో ఎనభై శాతం నేర్పడానికి, ఇరవై శాతం పరీక్షకి. ఎఫ్ స్కోరు 89 వచ్చింది. తెలుగుకి 89! నేను లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నా. రాత్రి పదకొండున్నరకి మేడమ్‌కి మెయిల్ పెడితే పది నిమిషాల్లో జవాబు వచ్చింది. మరుసటి వారం ఆవిడ ఒక ప్రాజెక్ట్ కమిటీ ముందు మాట్లాడుతూ ఆ అంకె చెప్పారు. ఫిబ్రవరి మొదటి వారంలో ఒక సదస్సుకి పేపర్ పంపాలని కూడా అనుకున్నాం. నాకు ఆరు నెలల తర్వాత మొదటిసారి నిద్ర పట్టింది.

జనవరి 20 దాటాక ఒక రోజు పేపర్‌లో వెయ్యడానికి ఒక పట్టిక కావాల్సి వచ్చి, ఏ ఊరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కతీశా. వరసలో పెడితే 'హైదరాబాద్' రెండు వరసల్లో ఉంది. ఒకదాని ఎదురుగా ఒక అంకె, ఇంకోదాని ఎదురుగా ఇంకో అంకె. మాట మాత్రం అదే. కళ్ళు నులుముకుని చూశా, అదే. ఖాళీ ఏమన్నా ఉందేమోనని చూశా, లేదు. అప్పుడు బైట్లు తెరిచి చూస్తే ఒకదాని చివర ఈ2 80 8సీ అని మూడు బైట్లు ఎక్కువున్నాయి.

తెలుగులో టైప్ చేసేవాళ్ళకి దీని సంగతి ఎంతో కొంత తెలిసే ఉంటుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్. 'హైదరాబాద్‌లో' అని రాసేటప్పుడు దకారం పొల్లు కింద లకారం వత్తుగా దూరిపోకుండా మధ్యలో పెట్టే కనబడని అక్షరం. మధ్యలో పెడితే ఉందని తేడా తెలుస్తుంది. కానీ కొన్ని సైట్లలో మాట చివర పొల్లు వచ్చిన ప్రతిచోటా దాన్ని తగిలిస్తారు. కొన్ని సైట్లలో తగిలించరు. తెర మీద రెండూ అచ్చం ఒకటే. స్క్రిప్ట్‌కి మాత్రం రెండు వేర్వేరు మాటలు.

అర్థమైంది కదా? ఒకే ఏజెన్సీ వార్త రెండు సైట్లలో అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. నిజానికి పొల్లు దగ్గరే తేడా వచ్చింది! అందుకని నా స్క్రిప్ట్ వాటిని వేర్వేరు వాక్యాలనుకుని రెండూ ఉంచేసింది. ఒకటి నేర్పే ఎనభైలో పడితే దాని కవల పరీక్షించే ఇరవైలో పడింది. పిల్లాడికి ముందురోజు చెప్పిన లెక్కే పరీక్షలో ఇచ్చి, నూటికి ఎనభై తొమ్మిది వచ్చాయని సంబరపడ్డానన్నమాట. ఆ మూడు బైట్లు తీసేసి మళ్ళీ లెక్క చూస్తే 1,400 వాక్యాలకి కవలలున్నాయి. వాటిని తీసేసి రాత్రంతా మళ్ళీ నడిపించా. తెల్లారేసరికి 71.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. చేత్తో గుర్తులు పెట్టేటప్పుడు చాలాసార్లు 'ఈ వాక్యం ఎక్కడో చదివినట్టుందే' అనిపించింది. వార్తలంటే అంతేగా, ఒకేలా ఉంటాయి అనుకుని ముందుకెళ్ళిపోయా. దించుకున్నవి అయిపోవాలి, గుర్తులు అయిపోవాలి, ఏదో ఒకటి చూపించాలి.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు.

ఆ మూడు రోజుల్లో నాలో ఒక లాయరు పుట్టాడు. బయట ప్రపంచంలో కూడా వార్తలు రిపీట్ అవుతాయి కదా, కాబట్టి 89 తప్పేమీ కాదు అన్నాడు. ఆ డేటా మనం ఎవరికీ ఇవ్వట్లేదు, ఎవడు చూస్తాడు అన్నాడు. ముందు పేపర్ పంపేసి తర్వాతి పేపర్‌లో సరిదిద్దుకోవచ్చు అన్నాడు. మేడమ్ కమిటీ ముందు అంకె చెప్పేశారు, ఇప్పుడు ఆవిడ పరువేం కాను అని కూడా అన్నాడు. అన్నిటికన్నా ఇదే బాగా వాదించాడు. రెండో రోజు సాయంత్రం పాత మేనేజర్ ఫోన్. "ఏమయ్యా, ఎలా ఉంది చదువు? మన ప్రాజెక్ట్‌లో ఒక సీటు ఖాళీ ఉంది. పాత జీతం మీద ఇరవై శాతం ఇప్పిస్తా, వచ్చేయ్." ఆరు నెలలుగా పైసా రానివాడికి వచ్చిన ఫోన్ అది. ఆలోచించి చెప్తానన్నా. వెళ్ళిపోతే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కూడా.

పాత కంపెనీలో నేను ఇంతకన్నా పెద్ద తప్పులు చేశా. ఒకసారి క్లెయిముల మొత్తం రెండింతలు చూపించే కోడ్ రాసేశా. టెస్టర్ పట్టుకుంది, డిఫెక్ట్ వేసింది, సరిచేశా, పిజ్జా తిన్నాం. నా తప్పు పట్టుకోవడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టారక్కడ. అందుకే నా తప్పుకీ నాకూ ఎప్పుడూ పెద్దగా పరిచయం లేకపోయింది. ఇక్కడ ఆ మనిషి లేరు. పేపర్ చదివే రివ్యూయర్లకి నా వాక్యాలు కనబడవు. మేడమ్ నా స్క్రిప్ట్ తెరవరు, ఆవిడకి ఇంకా నలుగురు విద్యార్థులు, రెండు క్లాసులు, లెక్కలేనన్ని ఫారాలు. నాన్న అడిగిన 'చెకింగ్' అప్పుడు గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు.

సోమవారం పొద్దున మేడమ్ గదికి వెళ్ళి చెప్పేశా. ధైర్యంతో కాదు. నిద్ర లేక తల పగిలిపోతోంది, అంతే. రెండు 'హైదరాబాద్'లూ కాయితం మీద ప్రింట్ తీసుకెళ్ళా. ప్రింట్‌లో రెండూ ఒకేలా ఉంటాయన్న సంగతి కూడా తట్టలేదు, చూడండి నా స్థితి. ఆవిడ ఆ కాయితం అటూ ఇటూ తిప్పి చూసి "ఏంటిది?" అన్నారు. అప్పుడు మొత్తం చెప్పా. 1,400 కవలలు, 71.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఎప్పుడు తెలిసింది?" అన్నారు.

"శుక్రవారం తెల్లవారుజామున మేడమ్."

"ఇవాళ సోమవారం."

తప్పు గురించి ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మూడు రోజుల గురించి మాత్రం అన్నారు, బాగానే అన్నారు. శనివారం ఆవిడ అదే అంకె ఇంకోచోట స్లైడ్‌లో చూపించి వచ్చారట. "శుక్రవారం చెప్పుంటే అది ఒకచోటే సరిచేసుకునేదాన్ని" అన్నారు. నా ఎదురుగానే కంప్యూటర్ తిప్పుకుని రెండు చోట్లకీ మెయిల్ రాశారు. నాలుగు వాక్యాలు. మేము చెప్పిన స్కోరు తప్పు, కారణం ఇది, సరైనది ఇది, క్షమించండి. నా పేరు ఎక్కడా రాయలేదు. 'మేము' అనే రాశారు. పంపేసి, "ఆ నార్మలైజేషన్ వేరే ఏ అక్షరాలకి కావాలో చూసి రా. 'ఐ'త్వం కూడా చూడు" అన్నారు. (నిజమే. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒక అక్షరంగానూ రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు తగిలించి రెండుగానూ రాయొచ్చు. వెతికితే అలాంటివీ దొరికాయి.)

ఫిబ్రవరి పేపర్ పంపలేదు. పాత మేనేజర్‌కి ఫోన్ చేసి రానని చెప్పా. ఎందుకు రానన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. రాజీనామా చేస్తే తప్పు చేసి పారిపోయినట్టు ఉంటుందన్న పంతం కొంత. మేడమ్ రాసిన 'మేము' కొంత.

ఫిబ్రవరి మూడో వారంలో ఫెలోషిప్ వచ్చింది, ఏడు నెలలది ఒకేసారి, 1,75,000. ఫోన్‌లో మెసేజ్ చూసి బ్యాంక్‌కి వెళ్ళి పాస్‌బుక్ ప్రింట్ వేయించుకున్నా. రూమ్మేట్ బాకీ తీర్చి, నాన్నకి డెబ్బై వేలు పంపా. ఆ 71ని 77 దాకా లాగడానికి ఏడాదిన్నర పట్టింది. ఒక చిన్న వర్క్‌షాప్‌లో వేశాం. ఆ పేపర్ గురించి నాకిప్పటిదాకా వచ్చిన మెయిళ్ళు నాలుగు. అందులో మూడు ఆ కనబడని అక్షరం గురించి రాసిన పేరా మీదే.

పీహెచ్‌డీ 2021లో పూర్తయింది. ఫెలోషిప్ అయిదేళ్ళకే, ఆరో ఏడాది గెస్ట్ లెక్చరర్‌గా క్లాసులు చెప్పుకుని గడిపా. తర్వాత మళ్ళీ సాఫ్ట్‌వేర్. డబ్బు లెక్కన చూస్తే నా బ్యాచ్ వాళ్ళకి నేను ఆరేళ్ళు వెనకే, అది ఎప్పటికీ పూడదు కూడా. అప్పటి మోడల్ ఇప్పుడెవరికీ పనికి రాదు. ఇప్పటి పెద్ద మోడళ్ళు ఆ పని అడగ్గానే చేసిపెడతాయి. మంచి స్కోర్లు చూపిస్తే మాత్రం 'పరీక్ష వాక్యాలు ముందే చదివేసిందేమో' అన్న గొడవ వాటికీ ఉంది, నాకైతే ఆ వార్త చదివినప్పుడల్లా పొట్టలో తిప్పినట్టు ఉంటుంది.

ఆ అమ్మాయికి ఏం చెప్పాలి మరి? వెళ్ళమనో వద్దనో నేను చెప్పలేను. ఎనిమిది నెలల ఖర్చు ముందే పక్కన పెట్టుకోమంటా. పర్సనల్ లోన్ ఉంటే తీర్చేసి వెళ్ళమంటా, తర్వాత ఫారం 16 లేనివాడికి బ్యాంక్‌లో కుర్చీ కూడా చూపించరు. చేరేముందు ఆ గైడ్ దగ్గరున్న రెండో ఏడాది విద్యార్థిని బయటెక్కడైనా కలిసి, మొదటి నెల డబ్బులు ఎప్పుడొచ్చాయో అడగమంటా. ఇంకోటి కూడా అడగమంటా, మీ గైడ్‌కి తప్పు చెప్పాల్సి వస్తే ఏమంటారు అని. జవాబు చెప్పేముందు వాళ్ళు ఎంతసేపు ఆలోచిస్తారో చూసుకోమంటా.

నిన్న కనిపించి మళ్ళీ అడిగింది. రేపు లంచ్‌కి బయటికి వెళ్దామన్నా.